మూకీ బొమ్మకు రామన్న గొంతు

పిన్నింటి రామన్న ఉద్యోగం నోరు మూసుకోవడం. వెటకారానికి అనడం లేదు. ఓడలు కట్టే యార్డులో అతను సిగ్నల్‌మ్యాన్. క్రేన్ నడిపేవాడు ఎక్కడో పైన గాజుగదిలో కూర్చుంటాడు. కింద ఇనుము మీద ఇనుము పడే మోత. గొంతు చించుకున్నా పైకి వినబడదు కాబట్టి చేతులతోనే చెప్పాలి. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే సరుకు ఎత్తమని, కిందికి చూపించి తిప్పితే దించమని. బొటనవేలు కిందికి పెడితే క్రేన్ బూమ్, అంటే దాని పొడవాటి చెయ్యి, కిందికి వంచమని. రెండు చేతులూ బారజాపి ఊపితే ఉన్నపళంగా ఆపమని. రెండు చేతులూ ఛాతీ ముందు కలిపి పట్టుకుంటే, అన్నీ ఎక్కడివక్కడ బిగించేసి కదలకుండా ఉండమని. రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు, పదహారేళ్ళుగా రామన్న ఇదే పని చేస్తున్నాడు.

మాటలంటే గిట్టని మనిషి ఎవరైనా ఈ ఉద్యోగానికి దొరికి ఉంటే సుఖపడేవాడు. దొరికినవాడు రామన్న. టెక్కలి పక్క పల్లె నుంచి సముద్రం దాటి ఈ దేశానికి వచ్చాడు, నలభై ఆరేళ్ళుంటాయి. పుట్టుకతోనే వాగుడుకాయ. మంచినీళ్ళు అడగడానికి అతనికి పావుగంట పడుతుంది, ఎందుకంటే ఆ దాహం ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి కదా.

పగలంతా నోట్లో కూరుకుపోయిన మాటలు సాయంత్రానికి పొంగుతాయి. యార్డు కూలీలుండే క్రాంజీ డార్మెటరీలో అతని గదిలో పన్నెండు మంచాలు. రామన్న బూట్లు విప్పుతూ “ఇయ్యాల ఏటైందంటే” అనగానే మిగతా పదకొండుమందీ ఒకేసారి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటారు. ఊళ్ళో భార్య నూకాలమ్మకు వీడియో కాల్ చేస్తే, ఆవిడ రెండు నిమిషాలు “ఊఁ” కొట్టి, ఫోను బియ్యం డబ్బా మీద వెల్లకిలా పెట్టి తన పని చూసుకుంటుంది. రామన్న అరగంట సీలింగుకు చెప్పుకుంటాడు.

“మా ఇంటి సీలింగు ఫేను నాకు బాగా తెల్సమ్మా,” అన్నాడు నాతో ఒకసారి. “దాని రెక్క ఒకటి వొంగిపోనాది. మా ఇంటిదానికింకా తెల్దు.”

అతనికి ఈ లోకంలో కావలసింది ఒక్కటే. మొదలుపెట్టిన కథను చివరిదాకా వినే మనుషులు. ముఖ్యంగా ఆ పదకొండుమంది, ఆ నూకాలమ్మ. అంతకు మించి ఒక్క కోరికా నేను అతని నోట వినలేదు. విన్న మాటలు తక్కువేమీ కాదు.

రామన్నను నేను మొదటి రోజే ఎందుకు కసిరానో తెలియాలంటే నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు సరోజిని. తెనాలి మనిషిని. ముప్పై ఏళ్ళు ఒక కాలేజీ లైబ్రరీలో కూర్చుని “ష్” అని రిటైరయ్యాను. ఇప్పుడు రామన్న పనిచేసే ఊళ్ళోనే ఉంటున్నాం. వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాటు కింద బ్లాకువాళ్ళ హాలు ఒకటి ఉంది. ఆదివారం మూడు గంటలకు అందులో నేను మూకీ సినిమాలు వేస్తాను.

వందేళ్ళు దాటిన అమెరికా మూకీలంటే నాకు ప్రాణం. ఎండను వెతుక్కుంటూ సినిమావాళ్ళు ఇంకా పడమటి తీరానికి వెళ్ళని రోజులవి. న్యూయార్కులో మేడల మీద, అవతలి ఒడ్డున న్యూజెర్సీలో గాజు కప్పు వేసిన షెడ్లలో తీసేవాళ్ళు. మబ్బు పడితే ఆ పూటకు షూటింగు లేదు. ఒక్కో బొమ్మ పది పన్నెండు నిమిషాలు. ఐదు సెంట్ల టికెట్టు, చెక్క కుర్చీలు, తెర పక్కన పియానో. టోపీలు తీయండమ్మా అని ఆడవాళ్ళను తెర మీదే బతిమాలేవాళ్ళు. మొదట్లో నటులకు పేర్లు కూడా వేసేవాళ్ళు కాదు. ఓడ దిగి నాలుగు రోజులైనా కాని కూలీలు, ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు, ఆ కుర్చీల్లో కూర్చుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చెప్పుకుంటూ పోతే నేనూ రామన్నలా తయారవుతాను.

నా హాలులో నియమాలు మూడు. మాట్లాడకూడదు. చిప్స్ ప్యాకెట్లు విప్పకూడదు. ఫోను మోగితే ఫోనుతో పాటు మనిషీ బయటికి. ఈ నియమాల పుణ్యమా అని ప్రేక్షకులు కూడా ముగ్గురే. నేను, మా ఆయన జనార్దనరావుగారు, ఎదురు బ్లాకు పార్థసారథిగారు. ఆయన ఏసీ కోసం వస్తారు. మా ఆయన నూట నలభై సినిమాలు చూసినట్టు లెక్క, కళ్ళు తెరిచి ఒక్కటి కూడా చూడలేదు. ప్రొజెక్టరు పెట్టేది స్పందన. వరంగల్ పిల్ల, సైన్స్ పార్క్‌లో పాత ఫిల్ముల మీది గీతలూ మరకలూ కంప్యూటరుతో తుడిచే కంపెనీలో పరిశోధన చేస్తుంది.

ఒక ఆదివారం కుండపోత వాన. సామాన్లు కొనుక్కోవడానికి వుడ్‌ల్యాండ్స్ వచ్చిన రామన్న, అతని గదిలోనే ఉండే బాలు తడిసి ముద్దయి లోపలికొచ్చి వెనక కూర్చున్నారు. నోళ్ళు మూసుకునే ఉన్నారు కాబట్టి నేనేమీ అనలేదు. తెర మీద ఒక రేవు. తండ్రి ఓడెక్కి వెళ్ళిపోతున్నాడు. కూతురు రెండు చేతులూ గుండెల మీద కలిపి పట్టుకుని కుమిలిపోతోంది. ఆ దృశ్యానికి నేను ఎప్పుడు చూసినా ఏడుస్తాను. రుమాలు తీస్తున్నాను.

“ఓలమ్మ! అన్నీ బిగించీసి ఆపీమంటంది!” అని వెనక నుంచి కేక. “ఆపండ్రా!”

తిరిగి చూస్తే ఇద్దరూ లేచి నిలబడి, మెడలు వెనక్కి వాల్చి తెర పైఅంచు వైపు చూస్తున్నారు. క్రేన్ కోసం! ఇంతలో తెర మీద విలన్ వచ్చి, ఆ పిల్లను ఇంటి నుంచి గెంటేయమన్నట్టు బొటనవేలు కిందికి చూపించాడు.

“బూమ్ వంచమంటన్నాడు! ఆ ఆడగుంట నెత్తి మీదికే!” అన్నాడు బాలు.

హీరో పరిగెత్తుకొచ్చి ఆ పిల్ల కోసం రెండు చేతులూ బారజాపాడు. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. “అదీ! ఎమర్జెన్సీ స్టాపు! సరిగ్గా టయానికొచ్చినాడు,” అన్నాడు రామన్న.

నేను ఒంటికాలి మీద లేచాను. ముప్పై ఏళ్ళ “ష్” అంతా కలిపి ఒక్క “ష్” అన్నాను. రామన్న ఠక్కున కూర్చున్నాడు. మిగతా తొమ్మిది నిమిషాలూ నోరు మెదపలేదు కానీ, అతని మోకాలు ఆడుతూనే ఉంది. సినిమా అయ్యాక చేతులు కట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“తప్పైపోనాదమ్మా. మరి ఆ సైటులో ఒక్కుడికీ హెల్మెట్టు నేదు. సూస్తూ ఊరుకోలేపోనాను.”

“అది సైటు కాదు. రేవు. వాళ్ళు కూలీలు కాదు. తండ్రీ కూతుళ్ళు.”

“తండ్రైతే మరీ జాగర్తగుండాల గదమ్మా,” అన్నాడు. తరవాత కొంచెం గొంతు తగ్గించి అడిగాడు. “అమ్మా, ఈ బొమ్మల్లో ఎవులూ మాటాడరా?”

“మాట్లాడరు.”

“ఆకర్న కూడాను?”

“చివర్న కూడా మాట్లాడరు. మూకీలంటే అంతే.”

రామన్న ఖాళీ తెరను ఎగాదిగా చూశాడు. కిక్కిరిసిన బస్సులో ఖాళీ సీటు కనిపించిన మనిషి మొహంలా అతని మొహం వెలిగిపోయింది. “అయితే మాటాడ్డానికి బోల్డు జాగా ఉన్నట్టే కదేటి!” అన్నాడు.

మరుసటి ఆదివారం వాన లేదు, అయినా వచ్చాడు. పార్థసారథిగారి పక్కన కూర్చుని ఆయన చెవిలో కథ మొదలుపెట్టాడు. నేను “ష్” అన్నాను. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నాను. రామన్న వంగి నా వీపు వెనక నుంచి చెప్పాడు. ఆ బొమ్మలో అసలు కథ ఒక టెలిగ్రాఫ్ గుమాస్తా పెళ్ళి. రామన్న చెప్పిన కథలో ఆ గుమాస్తా అత్తగారికి మోటారు చెడిపోయిన బావి ఒకటుంది, దాని మీద పెద్ద తగాదా ఉంది, కోపిష్టి తోడల్లుడున్నాడు. వీటిలో ఒక్కటీ తెర మీద లేదు. నేను మళ్ళీ నోరు తెరిచేంతలో ఎవరో పకపకా నవ్వారు. మా ఆయన! నూట నలభై సినిమాల తరవాత మా ఆయన మెలకువగా ఉన్నారు.

ఇంటికొచ్చాక ఇద్దరం పోట్లాడుకున్నాం. “అతనేమీ చదువుకున్నవాడు కాదు, తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటల కార్డులు చదవలేడు, నోటికొచ్చింది చెప్తాడు,” అన్నాను. “అందుకే బాగుంది,” అన్నారు ఆయన. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు వెయ్యలేదు.

చివరికి నన్ను ఓడించింది స్పందన. “ఆంటీ, కోపం చేయకుండ్రి. అప్పట్ల అమెరికాలనే తెర పక్కన ఒక మనిషి నిలబడి స్టోరీ చెప్తుండె. లెక్చరర్ అనేటోళ్ళు. కార్డులు మంచిగ రాకముందు వాళ్ళతోనే నడిచింది. మీరిచ్చిన బుక్‌లనే ఉంది.”

“ఏ పేజీ?”

పేజీ చూపించింది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత ఉంది. పదేళ్ళ క్రితం గీసింది నేనే. మూకీల రోజుల్లో హాళ్ళు నిశ్శబ్దంగా ఉండేవి కావని, జనం అరిచేవాళ్ళని, పాడేవాళ్ళని, కథ చెప్పేవాడికి ఎదురు చెప్పేవాళ్ళని ఆ పేజీ నిండా ఉంది. నాకు నచ్చని భాగాలను చదివి మర్చిపోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

సరే, రామన్నను తెర పక్కన నిలబెట్టాను. మరి కథ చెప్పేటప్పుడు అతని చేతులు ఊరుకుంటాయా? నోటితో “మీసాలోడు మేడెక్కినాడు” అంటూ, చేతితో ఎత్తమని సిగ్నలిస్తాడు. ప్రేక్షకులు ముగ్గురల్లా ఏడుగురయ్యారు, ఏడుగురు ముప్పైమందయ్యారు. పై అంతస్తు చైనీస్ బామ్మ ఒకావిడ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముందు వరసలో కూర్చునేది. యార్డులో పనిచేసే వేరే డార్మెటరీ వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. రానిది ఆ పదకొండుమందే. వాళ్ళలో వానరోజు వచ్చిన బాలు కూడా మళ్ళీ రాలేదు.

“ఒకపాలి రారా అంటే, ఆరు రోజులు రూములో ఇంటన్నాం, ఏడోదైనా మమ్మల్నొగ్గీ అన్నాడమ్మా బాలు,” అని చెప్పి రామన్న నవ్వాడు. ముప్పైమంది చప్పట్లు కొట్టినా, తలుపు వైపు చూస్తూనే ఉండేవాడు.

అప్పుడు వచ్చింది ఆ రీలు. అమెరికాలో ఎవరిదో పాత కొట్టు కూలుస్తుంటే దొరికిందట. స్పందన కంపెనీకి శుభ్రం చేయడానికి వచ్చింది. పద్నాలుగు నిమిషాల బొమ్మ. మాటలు రాసి ఉండే కార్డులన్నీ ఎప్పుడో పోయాయి, చివరి ముక్క కాలిపోయింది. పేరు తెలియదు, ఎవరు తీశారో తెలియదు, కథేమిటో అసలే తెలియదు. సైన్స్ పార్క్ ఆడిటోరియంలో ఆదివారం పదకొండు గంటలకు దాన్ని వేస్తున్నారని, పాత పద్ధతిలో రామన్నతో చెప్పిద్దామంటే ఆఫీసులో ఒప్పుకున్నారని, తెలుగు రానివాళ్ళకు తనే పక్క నుంచి ఇంగ్లీషులో చెప్తానని స్పందన చెప్పింది. సీట్లు నిండాలి కాబట్టి క్రాంజీకి బస్సు పంపిస్తారు. మధ్యాహ్నం బిర్యానీ.

బిర్యానీ మాట వినగానే పదకొండుమందీ పేర్లిచ్చారు. నూకాలమ్మ కూడా ఆ పూట పనులన్నీ మానుకుని, ఫోను చేత్తో పట్టుకుని చివరిదాకా వింటానని అమ్మవారి మీద ఒట్టేసింది. రామన్న ఈ సంగతి చెప్పడానికి నాకు ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి రెండే మాటలు మాట్లాడాడు. “అందరూ ఇంటారమ్మా!”

ఆ వారమంతా రిహార్సల్సు. స్పందన పంపిన బొమ్మను ఫోనులో నలభైసార్లు చూశాడట. యార్డుకు వెళ్ళే లారీలో చెప్పుకున్నాడు, స్నానాల గదిలో చెప్పుకున్నాడు, డార్మెటరీ వెనక మైదానంలో గాలికి ఎదురుగా నిలబడి వందమందికి వినబడేలా అరిచి చెప్పుకున్నాడు. మైకు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే, మర్చిపోయాను.

ఆదివారం పొద్దున తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, తల దువ్వుకుని, ఆడిటోరియం గుమ్మంలో నాకు ఎదురుపడ్డాడు. “బాగున్నావా రామన్నా?” అన్నాను. నోరు తెరిచాడు. పాత తలుపు కిర్రుమన్నట్టు “కీ” అని వచ్చింది. అంతే. ఇంకేమీ రాలేదు.

ఉప్పునీళ్ళు పుక్కిలింపించాను. అల్లం నమిలించాను. మా ఆయన పరిగెత్తి ఎక్కడి నుంచో మిరియాల పాలు పట్టుకొచ్చారు. అది తాగాక ఆ “కీ” కూడా పోయింది. స్పందన బిక్కమొహం వేసింది. రామన్న కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పదహారేళ్ళు మాటలన్నీ మింగి, మాట్లాడే రోజు వచ్చేసరికి గొంతు పోయింది. దేవుడికి సెన్స్ ఆఫ్ హ్యూమర్ ఉందంటారు, నా మటుకు నాకు ఆ రోజు ఆయన్ని కూడా “ష్” అనాలనిపించింది.

లోపల సీట్లు నిండాయి. బిర్యానీ గది తలుపుకు దగ్గరగా ఉన్న వరసను డార్మెటరీ వాళ్ళు ముందే టిష్యూ ప్యాకెట్లు పెట్టి ‘చోప్’ చేసి, అంటే ఇక్కడి పద్ధతిలో మావేనని పట్టి ఉంచారు. నూకాలమ్మ ఉన్న ఫోను నా చేతిలో ఉంది. తెరకేసి తిప్పి పట్టుకున్నాను. లైట్లు తీసేశారు. రామన్న మైకు పట్టుకుని తెర పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

బొమ్మ మొదలైంది. ఒక బేకరీ. కిటికీలో మూడంతస్తుల కేకు. మీసాలాయన ఒకడు లోపలికొచ్చాడు. తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ పిల్లల బండి తోసుకుంటూ వచ్చింది, బండి మీద దుప్పటి కప్పి ఉంది. రామన్న నోరు తెరిచాడు. మైకులో గాలి ఊదిన చప్పుడు వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గాలే. హాలంతా కదలకుండా కూర్చుంది. తెర మీద కేకు మాయమైంది, పోలీసు ఈల ఊదాడు, ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు.

రామన్న మైకు కింద పెట్టేశాడు. ఇంక దిగి వచ్చేస్తాడనుకున్నాను. రాలేదు. కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు.

“ఎత్తు!” అన్నారు పదకొండుమందీ, అలవాటు కొద్దీ.

మీసాలాయన వైపు చెయ్యి చాపి, బొటనవేలు కిందికి పెట్టాడు. అక్కడితో తోచిన సిగ్నల్స్ అయిపోయాయి. క్రేన్‌కు చెప్పాల్సినవన్నీ కలిపినా కథకు చాలవు. రామన్న ఆ చెయ్యి అలాగే పట్టుకుని తనవాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ వరసలోంచి బాలు గొంతు లేచింది. “ఇదిగో, ఈ మీసాలోడున్నాడే, ఈడు మంచోడు కాదర్రా. ఎలాగ తెల్సునంటే, సెప్తాను, తొందరపడకండి.”

మాట బాలుది, తీరు మాత్రం అచ్చు రామన్నది. ఆ దీర్ఘం, ఆ ఆగడం, అంతా.

“ఆడి టోపీ సూడండి,” అందుకున్నాడు పక్కవాడు. “మా మేనమావకీ ఇలాటి టోపీయే ఉండీది. కంచిలి సంతలో కొన్నాడు. వానొస్తే తలకాయకి కాదు, టోపీకి గొడుగెట్టీవోడు.”

“ఆ మావ పెళ్ళిలోనే గదేటి పప్పు మాడిపోనాది!” అన్నాడు మూడోవాడు. “అది ఆనక సెప్పుకుందాం. ముందు కేకు సంగతి సూడండి.”

మేనమామ రామన్నకే గానీ వాళ్ళలో ఎవరికీ కాదు. పప్పు మాడిన పెళ్ళికి వాళ్ళెవరూ వెళ్ళలేదు. పదకొండుమందీ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, రామన్న చెయ్యి ఎటు తిరిగితే అటు కథ తిప్పుకుంటూ పోతున్నారు. ఇంగ్లీషులో చెప్పాల్సిన స్పందన మూడో వాక్యానికే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది. హాలు విరగబడి నవ్వుతోంది. రామన్న ఏడుస్తూ సిగ్నల్స్ ఇస్తున్నాడు.

ఏడుపు ఎంతోసేపు నిలవలేదు. బొమ్మలో పిల్లల బండి చెయ్యి జారి వాలులో దొర్లడం మొదలైంది. వెనక అందరూ పరుగు. ఆ బండిలో ఉన్నది చంటిబిడ్డ అని సగంమంది, దొంగిలించిన కేకు అని సగంమంది కథను రెండుగా చీల్చేశారు. కేకుల పక్షం బిడ్డల పక్షాన్ని తిట్టింది. రామన్నకు ఒళ్ళు మండింది. తన కథను తన కళ్ళ ముందు తప్పు చెప్తున్నారు! రెండు చేతులూ బారజాపి అడ్డంగా ఊపాడు.

అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. నవ్వులు కూడా ఆగిపోయాయి. తెర మీద బండి దొర్లుతోంది. నేను ఏళ్ళ తరబడి నెత్తీనోరూ కొట్టుకుని అడిగిన నిశ్శబ్దం, స్వచ్ఛమైన నిశ్శబ్దం, హాలు నిండా ఉంది. పది సెకన్లు భరించాను.

“చెప్పరేం? బండిలో ఏముందిరా?” అని ఎవరో అరిచారు. ఎవరో ఏమిటి, నేనే. పార్థసారథిగారు నా వైపు చూసి “ష్” అన్నారు.

బండి చెరువు గట్టున ఆగింది. మీసాలాయన, పోలీసు, బేకరీవాడు అందరూ చుట్టూ మూగి, దుప్పటి అంచు పట్టుకుని ఎత్తబోయారు. తెర తెల్లబడింది. రీలు కాలిన చోటు అదే.

బిర్యానీ దగ్గర నేను బాలును పట్టుకున్నాను. “హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్ళకి ఆ మేనమామ ఎలా తెలిశాడయ్యా?”

బాలు లెగ్ పీసు పక్కన పెట్టాడు. “ఇంటన్నట్టు కనబడితే ఆడు ఆపడమ్మా. పొద్దున్నే లెగాల గదా మేం. అందికే సెవుల్లో ఎట్టుకుంటాం. పాటలు మాత్రం ఎయ్యం.”

“ఎందుకు వెయ్యరు?”

“కథ సగంలో పోద్ది గదమ్మా,” అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

రామన్న పక్కనే ఉన్నాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. బాలును చూశాడు, మిగతా పదిమందినీ ఒక్కొక్కరినే చూశాడు. వాళ్ళు ప్లేట్లలోకి చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అంతలో నా చేతిలోని ఫోనులోంచి నూకాలమ్మ. “మొత్తం ఇన్నాను. ఎవులెవులో సెప్పినారు, నీ గొంతు ఇనబడనేదు. ఇంతకీ బండిలో ఏటున్నాది?”

రామన్న నోరు తెరిచాడు. గాలి.

“ఎన్నాళ్ళకొస్తాదమ్మా గొంతు?” అని నన్ను అడిగింది.

“వారం నోరు మెదపకుండా ఉంటే వస్తుంది.”

“అయితే మెదపనియ్యకండి,” అంది.

ఆ వారం రామన్నకు నరకం. యార్డులో మౌనం, గదిలో మౌనం. పదకొండుమందీ వంతులు వేసుకుని తేనె పట్టించారు, ఫోను లైటేసి గొంతులోకి తొంగి చూశారు. కేకా బిడ్డా అని తేలక కేకుల పక్షం వాళ్ళు, బిడ్డల పక్షం వాళ్ళు వేరువేరుగా కూర్చుని భోంచేశారట. రామన్నను రాసి చూపించమంటే ఒప్పుకోలేదట. రాస్తే రెండు ముక్కల్లో అయిపోతుంది మరి.

ఆదివారం మూడు గంటలకు మా హాలులో కుర్చీలు చాలలేదు. కేకులు ఎడమవైపు, బిడ్డలు కుడివైపు. మా ఆయన ఫ్లాటు నుంచి స్టూళ్ళు దింపారు. నూకాలమ్మ ఫోను ముందు వరసలో చైనీస్ బామ్మ చేతిలో ఉంది. ఒక్కరి చెవికీ ఏమీ తగిలించి లేదు. స్పందన బొమ్మ వేసింది. రామన్న తెర పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. గొంతు ఉంది. అందరికీ వినబడింది.

మా అందరి మొహాల వైపూ చూస్తూ ఉండిపోయాడు. తెర మీద కేకు పోయింది, ఈల మోగింది, బండి కదిలింది. స్పందన బొమ్మ ఆపేసింది.

“అందరూ ఇంటన్నారా?” అన్నాడు చివరికి.

“ఇంటన్నాం,” అన్నారు అందరూ.

“నూకాలూ?”

“ఇంటన్నాను. సెప్పు.”

“అయితే మొదట్నించీ సెప్తాను,” అన్నాడు రామన్న. “అసలు ఆ బేకరీ ఎలా పెట్టినారంటే.”

స్పందన బొమ్మను వెనక్కి తిప్పింది. నేను స్టూలు ముందుకు జరుపుకుని కూర్చున్నాను.